మా గల్లీ నక్ష

నిజామాబాద్ బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో నాకొక జిరాక్స్ దుకాణం ఉంది. ఏళ్ళ తరబడి జనం అర్జీలన్నీ నా మిషను అద్దం మీద బోర్లా పడుకుని లేచిపోతున్నాయి. పింఛను కోసం, రేషను కార్డు కోసం, తమ్ముడి మీద, మొగుడి మీద, ట్రాన్స్‌ఫార్మరు మీద. అన్నీ చదువుతాను. చదవకూడదని తెలుసు. కానీ మిషను వేడెక్కేదాకా గోడను చూస్తూ ఎంతసేపని నిలబడతాం? అలా చదివి చదివి నేను సగం వకీలునయ్యానని నాకొక నమ్మకం కుదిరింది. మిగతా సగం మా కాలనీవాళ్ళు కలిపేశారు. ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని, నాకు అర్థం కానిది కూడా అర్థమైనట్టే చెప్పేవాణ్ణి. ఈ వైభవాన్నంతా మా అక్క మూడు నెలల్లో మట్టిలో కలిపింది.

మా ఇల్లు బోధన్ దాటి రుద్రూర్ పోయే తోవలో ఒక ఊరి చివర, బీడీ కార్మికులకు సర్కారు ఇచ్చిన కాలనీలో ఉంటుంది. ఊరి పేరు, మండలం పేరు చెప్పను. అక్కడి ఆఫీసులో నాకింకా పనులున్నాయి. కాలనీలో ఇళ్ళన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళంతా ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. మా అవ్వ, అంటే మా అమ్మ, మా అక్క కూడా అంతే. అక్కకు మూడేళ్ళప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ పనిచేయకుండా పోయాయి. ఆ బలం కూడా దేవుడు చేతులకే కలిపి ఇచ్చినట్టున్నాడు. ఆమెతో సమానంగా బీడీ చుట్టేవాళ్ళు మా వరుసలో లేరు. ఆమెతో సమానంగా తిట్టేవాళ్ళూ లేరు.

రోజూ మధ్యాహ్నం అక్క చేతులతో తిప్పే మూడు చక్రాల సైకిలు మీద కార్ఖానాకు పోయేది. చుట్టిన బీడీలు అక్కడ ఇచ్చి, మర్నాటికి ఆకు, తంబాకు తెచ్చుకోవడం పని. దానికి అరగంట చాలు. అక్క మూడు గంటలకు తక్కువ ఎన్నడూ రాలేదు. కార్ఖానా ముందర ఆడవాళ్ళతో ముచ్చట్లు, కిరాణా కొట్టులో ఏదో ఒక పంచాయితీ, సరిహద్దు అవతలి నుంచి ఉల్లిగడ్డ తెచ్చి అమ్మే ఆమెతో సగం తెలుగు సగం మరాఠీలో బేరం. పొద్దంతా గడప లోపల కూచునే మనిషికి ఊరంటే ఆ మూడు గంటలే.

ఆ సైకిలు ఇంట్లోంచి గల్లీలోకి దిగడానికి బాపు, అంటే మా నాన్న, ఒక ర్యాంపు కట్టాడు. బాపు మేస్త్రీ కాదు, చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు తోలినవాడు. అందుకని ర్యాంపు కొంచెం నిటారుగా వచ్చింది. మొదటిరోజు అక్క దాని మీంచి దిగుతూ నేరుగా పోయి ఎదురింటి గోడకు గుద్దుకుంది. బాపు మళ్ళీ సిమెంటు కలిపి, పైన ఇంకో పూత పూసి, చక్రాలు జారకుండా చీపురు పుల్లతో అడ్డగీతలు గీశాడు. ఒక్క గీతా తిన్నగా లేదు. తర్వాత రెండేళ్ళకు బాపు పోయాడు. అవ్వ పొద్దున లేచి వాకిలి కన్నా ముందు ఆ ర్యాంపునే ఊడ్చేది. మేమెవరమూ దాని మీద చెప్పులతో నడిచినా ఊరుకునేది కాదు.

ఎదురింటాయన్ని చిన్నాన్న వరుస చేసి మేము కాక అంటాం. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన చేయని పని లేదు. చివరికి చెరుకు రసం తీసే బండి ఒకటి కొని బోధన్ రోడ్డు మీద నిలబడ్డాడు. ఎండకు, వానకు బండి ఖరాబవుతుందని తన ఇంటి ముందర గల్లీలోకి రేకుల షెడ్డు దించాడు. షెడ్డు మంచిగానే కట్టాడు. ఒక్కటే లోపం. అక్క సైకిలు ర్యాంపు దిగీ దిగకముందే ముందు చక్రం ఆ రేకులకు ఆనేది. పక్కకు తిప్పుకోవడానికి చోటు లేదు. ఆ షెడ్డు లేచిన రోజు నుంచి అక్క బయటికి పోవడం ఆగిపోయింది. ఆమె బీడీలు పక్కింటామె తీసుకుపోయేది. అక్క గడప దగ్గర కూచుని అందరూ పోవడం, అందరూ రావడం చూసేది. నేను ఎత్తుకుని తీసుకుపోతానంటే ఒప్పుకోలేదు. నలభైకి దగ్గరపడ్డ మనిషిని చంటిపిల్లలా ఎత్తుకుపోతుంటే గల్లీ అంతా గడపల్లోంచి చూస్తుంది. ఆ చూపు కన్నా ఇంట్లో కూచోవడమే నయమని ఆమె లెక్క.

కాకతో మాట్లాడటానికి పోయాను. కోపంగానే పోయాను. ఆయన నా చేతిలో ఒక గ్లాసు పెట్టాడు.

"గల్లీ నీదా, నాదారా? సర్కారుది. నక్ష తెప్పియ్యి. నక్షల ఎట్లుంటె గట్లనే చేద్దాం. ముందుగాల గీ రసం తాగు, బరఫ్ ఎక్కువ ఎయ్యలే."

గొడవకు పోయినవాడు రసం తాగి తిరిగి రాకూడదు. నేను తాగి వచ్చాను. నిమ్మకాయ కూడా పిండాడు.

నక్ష అంటే కాలనీ కట్టినప్పుడు గీసిన పటం. ఏ ఇల్లు ఎంత, ఏ గల్లీ ఎంత వెడల్పు, అంతా అందులో ఉంటుంది. అది మండలాఫీసులో ఉంటుందని నాకు తెలుసు. అడగడం కూడా నాకు తెలుసనే అనుకున్నాను. ఇన్నేళ్ళు చదివిన అర్జీలన్నీ తలచుకుని ఒకటి రాశాను. అధికారి గారి దివ్య సముఖమునకు అని మొదలుపెట్టాను. మేము నిరుపేదలమన్నాను. మా అక్క దివ్యాంగురాలన్నాను. మా ఎదురింటి వ్యక్తి గల్లీని ఎందుకు ఆక్రమించాడో, అధికారులు ఎందుకు చూస్తూ ఊరుకున్నారో, మాకు న్యాయం ఎప్పుడు జరుగుతుందో తెలుపగలరని వేడుకున్నాను. పైన పెద్ద అక్షరాలతో సమాచార హక్కు చట్టం అని రాశాను. సోమవారం అర్జీలు తీసుకునే రోజు క్యూలో నిలబడి ఇచ్చాను.

మాది అర్జీల రాజ్యం. ఎవరి దగ్గర ఏం కావాలన్నా చేతులు జోడించి రాయడమే మాకు తెలుసు. హక్కు అని పైన రాసి కింద కాళ్ళు పట్టుకుంటే చదివేవాళ్ళు కిందిదే చూస్తారు. నా కాగితం పోయి ఫిర్యాదుల కట్టలో పడింది. ఫిర్యాదు విచారణకు వచ్చింది. విచారణకు వచ్చినాయన కాకను అడిగాడు, రసం తాగాడు, పోయాడు. నెల తిరిగేసరికి నా ఫోనుకు సందేశం వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. నేను ఫోను పట్టుకుని గడప దాకా పోయి చూశాను. షెడ్డు అక్కడే ఉంది.

ఆ సాయంత్రం అక్క నా అర్జీ నకలు తెప్పించుకుని చదివింది. చాట పక్కన పెట్టి మరీ చదివింది.

"గీండ్ల ఏమడిగినవ్రా తమ్మి?"

"న్యాయం."

"న్యాయం ఆల్ల బీరువల ఉంటదా?"

"ఉండదు."

"మరి బీరువల ఏముంటది?"

"కాయితాలు."

"గవ్వే అడుగు."

ఈ తెలివి ఆమెకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. దుకాణంలో పాడైన జిరాక్స్ కాగితాలు నేను ఇంటికి తెస్తాను. బీడీ కట్టలు సర్దేటప్పుడు కింద పరచుకోవడానికి పనికొస్తాయి. అంతకు ముందెప్పుడో ఎవరో సమాచార హక్కు చట్టం పుస్తకం జిరాక్స్ తీయించుకున్నారు. ఆ రోజు మిషను మసి కక్కి చాలా పేజీలు పాడుచేసింది. ఆ పేజీలన్నీ మా ఇంట్లో బీడీల కింద పరుచుకున్నాయి. బయటికి పోలేని మనిషి ఏం చేస్తుంది? పరచుకున్నది చదివింది. చట్టం నాలుగో పేజీలో మొదలై పదకొండో పేజీలో ఆగిపోయిందట. మధ్యలో రెండు పేజీల మీద తంబాకు మరకలు. మిగతావి ఎక్కడున్నాయని నన్ను అడిగింది. నేను పుస్తకం వెతికి, ఆ పేజీలన్నీ తీసి తెచ్చిచ్చాను. నా దుకాణంలో పుట్టిన చట్టాన్ని నేను తప్ప మా ఇంట్లో అందరూ చదివారు. అందరూ అంటే అక్క.

ఆమె చెప్పింది ఇంతే. ఆఫీసులో ఉన్న కాగితాన్ని పౌరులెవరైనా అడగవచ్చు, నకలు తీసుకోవచ్చు, పోయి కళ్ళారా చూడవచ్చు. లేని కాగితం పుట్టించమని అడగకూడదు. ఎందుకు చేశారు, ఎప్పుడు చేస్తారు అని నిలదీస్తే వాళ్ళు జవాబు చెప్పనక్కర్లేదు. ఉన్నది అడిగితే మాత్రం ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే కమిషన్. నేను రాసిన ఎందుకులన్నీ ఆమె ఒక్కొక్కటిగా కొట్టేసింది. కొట్టేయగా మిగిలింది నా సంతకం.

కొత్త దరఖాస్తు ఆమే రాసింది. పౌర సమాచార అధికారి గారికి అని మొదలుపెట్టి, మూడే వాక్యాలు. మా కాలనీ నక్ష ధ్రువీకరించిన నకలు కావాలి. అందులో మా వరుస ప్లాట్ల కొలతలు, గల్లీ వెడల్పు రాసిన కాగితాల నకళ్ళు కావాలి. నక్ష నకలు తీయడం కుదరకపోతే స్వయంగా చూడటానికి తేదీ ఇవ్వాలి. కింద తన పేరు, చిరునామా. పేదలకు ఫీజు లేదు కనుక రేషను కార్డు జిరాక్స్ జత చేసింది. జిరాక్స్ మాత్రం నాదే.

దరఖాస్తు ఇవ్వడానికి నన్నే పంపింది. టేబులు దగ్గర కూచున్నాయన అక్కడ పెట్టి పొమ్మన్నాడు. రసీదు లేకుండా ఇంటికి రావద్దని అక్క చెప్పి పంపింది. ఆయన కోపానికీ అక్క కోపానికీ మధ్య ఎంచుకోవడం నాకు కష్టం కాలేదు. రెండు గంటలు నిలబడి ముద్ర వేయించుకుని వచ్చాను. అక్క ఆ రోజు నుంచి గోడ మీద క్యాలెండరులో రోజుకొక గీత కొట్టింది. ముప్పై రోజులూ నిండాయి. ఏమీ రాలేదు. నేను ఇంకో వారం చూద్దామన్నాను. ఆమె అప్పటికే అప్పీలు రాసి పెట్టుకుంది. అప్పీలు వినే పై అధికారి అదే ఆఫీసులో పక్క గదిలోనే కూచుంటాడు. పక్క గదికి పోయిన కాగితానికి మాత్రం వారంలోనే కదలిక వచ్చింది. నక్ష పాతబడి చిరిగిపోయేలా ఉంది, మిషనులో పెట్టలేము, మీరే వచ్చి చూసుకోవచ్చని ఉత్తరం వచ్చింది.

పోయే రోజు సైకిలును గల్లీ మొదట్లోకి చేర్చడమే పెద్ద పనయింది. నేనొక వైపు పట్టుకుంటే, అడగకుండానే కాక వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. తన షెడ్డు మూలకు తగలకుండా జాగ్రత్తగా తిప్పాడు. అక్కను అవ్వా నేనూ చేతుల మీద మోసి సైకిలుతో సహా ట్రాలీ ఆటో ఎక్కించాం. అక్క కళ్ళు మూసుకుని కూచుంది. ఎవరెవరు చూశారో ఆమెకు తెలియకూడదని.

"నక్ష మంచిగ సూడు బిడ్డా" అన్నాడు కాక.

ఎంత ధైర్యం అనుకున్నాను నేను.

మండలాఫీసులో రికార్డులు పై అంతస్తులో ఉంటాయి. గుమస్తా మెట్ల మీద నిలబడి మమ్మల్ని చూసి ఇబ్బంది పడ్డాడు.

"రికార్డు రూము మీదున్నదమ్మా. మీరే పైకి రావాలె."

నేను వంగి, "దా అక్కా, నేనెత్తుకపోత" అన్నాను.

"నన్ను మోసుడెందుకు తమ్మి? నాకన్న నక్షనే అల్కగ ఉంటది. దాన్ని తెమ్మను."

గుమస్తా నవ్వి, పైకి పోయాడు. దుమ్ము పట్టిన బట్టలో చుట్టిన కట్ట తెచ్చి వరండాలో బల్ల మీద పరిచాడు. సైకిలు మీద కూచున్న అక్కకు అందేలా బల్లను కూడా జరిపాడు. ఆ మండలం పేరు చెప్పకపోవడానికి ఇది రెండో కారణం. మంచివాడని తెలిస్తే అందరూ ఆయన దగ్గరికే పోతారు.

ఆయన స్కేలు పెట్టి చూసి గల్లీ వెడల్పు చెప్పాడు. పన్నెండు అడుగులు. నేను గెలిచినట్టే ఎగిరాను. షెడ్డు అయిదడుగులు రోడ్డు మీద ఉందని నేను టేపు పెట్టి కొలిచి పెట్టుకున్నాను మరి. అక్క మాత్రం ఎగరలేదు. ఆమె చేతిలో ఇంకో చీటీ ఉంది. మా వెనక గోడ నుంచి గడప దాకా ఎంతో, గడప నుంచి కాక గడప దాకా ఎంతో, అన్నీ నాతోనే కొలిపించింది.

"మా ప్లాటు యాడ ఆగుతది అన్నా?" అని అడిగింది.

గుమస్తా వేలు పెట్టి చూపించాడు. మా గడప దగ్గరే ఆగుతుంది.

"మరి ర్యాంపు?"

ఆయన నక్షలో ర్యాంపు కోసం కాసేపు నిజంగానే వెతికాడు. "నక్షల ర్యాంపు లేదమ్మా. గడప దాటినంక అంతా రోడ్డే."

కాక షెడ్డు అయిదడుగులు. మా ర్యాంపు నాలుగున్నర. మధ్యలో మిగిలిన రెండున్నర అడుగుల్లో అక్క సైకిలు ఆగిపోయింది. మేమందరం పదకొండు నెలలు ఆ అయిదడుగులనే చూశాం. మా కళ్ళకు ర్యాంపు బాపు కట్టినది. అది రోడ్డు మీద ఉందన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కాస్త తేరుకుని గుమస్తాతో నకలు అక్కర్లేదన్నాను. అక్క కావాలంది. దాన్ని చూసి గీసిచ్చి ముద్ర వేయమంది. ఆటోలో నేను నెమ్మదిగా ఒక మాట చెప్పాను. మిషనులో కాగితం ఎలా పెట్టాలో నాకు తెలుసు, మన వరుస రాకుండా కాక వరుస ఒక్కటే వచ్చేలా తీయగలను అని. అక్క నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

కాక షెడ్డులోనే ఉన్నాడు. అక్క ఆయనకు నక్ష ఇచ్చింది.

"నీది అయిదు, మాది నాలుగున్నర, కాకా."

ఆయన కాగితం చూడనే లేదు. "నాకెరికనే బిడ్డా. మీ బాపు గా ర్యాంపు కట్టంగ ఇసుక మోసింది నేనే. నా నోటితోని ఎట్ల సెప్పాలె నీకు? అందుకే నక్ష తెప్పియ్యుమన్న."

అంతకాలం నేను ఆయన పొగరు అనుకున్నది ఇది. రసం తాగినందుకు మొదటిసారి నిజంగా సిగ్గుపడ్డాను.

ఇంట్లో అక్క విషయం చెప్పింది. ర్యాంపు పగలగొట్టాలి. గడప దించి, ముందరి గది నేలను తవ్వి, ఏటవాలు ఇంటి లోపలే పెట్టుకోవాలి. ముందరి గది నాది. నా మంచం, నా బీరువా, నా పాత మిషను అన్నీ అందులోనే. నేను అభ్యంతరం చెప్పబోయేలోగా అవ్వ లేచి పోయి ర్యాంపు మీద కూచుంది.

"షెడ్డు తీయమనుండ్రి. గిది తీసుడు లేదు" అంది. "ఆయన చేతి గీతలివి. గివ్వి తప్ప ఆయనది ఏమున్నది నాకు?"

అవ్వ చేత్తో ఆ గీతలు తడుముతూ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. అక్క సైకిలు గడప దాకా తెచ్చుకుని, అవ్వ ఎదురుగా ఆపింది.

"అవ్వా, నేను బయటికి పోవాలెనని కట్టిండు బాపు. నేను పోతలేను. ఇగ గీ ర్యాంపెందుకు?"

అవ్వ చెంగుతో ముఖం తుడుచుకుని పక్కకు జరిగింది.

మర్నాడు మేస్త్రీ రాకముందే కాక గడ్డపార పట్టుకుని వచ్చాడు. మొదటి దెబ్బ ఆయనే వేశాడు. మధ్యాహ్నానికల్లా ర్యాంపు ముక్కలైంది. గీతలున్న ఒక పలక అవ్వ తీసి లోపల పెట్టుకుంది. ముందరి గది ఏటవాలైపోయింది. నా మంచం వంటింటికి పోయింది. నేను ఇప్పటికీ పోపు వాసనలోనే నిద్ర లేస్తాను. షెడ్డు గురించి అక్క ఎక్కడా అడగలేదు. నేను అడగమంటే, నీ అర్జీ నువ్వు రాసుకోమంది. కాకే వారం తర్వాత రేకులు విప్పి రెండడుగులు వెనక్కి జరిపాడు. మిగతా మూడు బండికి కావాలన్నాడు. ఉంచుకోనీ.

సిమెంటు ఆరిన రోజు మధ్యాహ్నం అక్క ఏటవాలు దిగింది. గడప దాటి, కుడికి తిప్పుకుని, ఎవరి సాయమూ లేకుండా గల్లీ మొదటికి పోయి రోడ్డెక్కింది. అరగంటకు పక్కింటామె కార్ఖానా నుంచి వచ్చి అక్క అక్కడికి రాలేదంది. మూడు గంటలైంది, నాలుగైంది. అవ్వ గడప వదల్లేదు. నేను బండి తీసి వెతకడానికి బయలుదేరబోతుండగా అక్క వచ్చింది. చక్రాలకు ఎర్రమట్టి. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"యాడికి పోయినవ్ బిడ్డా?" అంది అవ్వ.

"రుద్రూర్ తోవల చెరుకు తోటల దాక."

"పనేమన్న ఉండెనా?"

"లేదవ్వా. పోయిన, వచ్చిన."

అవ్వ బొబ్బలకు నూనె రాసి, అన్నం కలిపి, తన చేత్తో తినిపించింది.